రెండుసార్లు పలికి మూగబోయిన బటన్

ఈ వారమంతా ఒక్క బటన్ వెంటే తిరిగాను. ఎక్సెల్‌కు అదనపు సౌకర్యాలు చేర్చేందుకు మేం రాస్తున్న యాడ్-ఇన్ ప్రోగ్రామ్‌లో శాఖల పేర్లు డేటాబేస్ నుంచి వస్తాయి. ఒక్కో శాఖకు ఒక్కో బటన్ కావాలి. శాఖలెన్నో ముందుగా తెలియదు.

మొదట, సెల్ మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే మెనూలో పాత కమాండ్‌బార్ పద్ధతిలో బటన్లు చేర్చాను. రెండుసార్లు పనిచేశాయి. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, దోష సందేశమూ లేదు. అదే అన్నిటికన్నా బాధించింది. రెండు రాత్రుల తర్వాత కారణం దొరికింది. బటన్‌ను లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్) లోపలి వేరియబుల్‌లో ఉంచాను. ఫంక్షన్ ముగిశాక దాన్ని పట్టుకుని ఉన్నది ఏదీ లేదు. మా కోడ్‌ను నడిపే డాట్‌నెట్, ఏదీ పట్టుకుని లేనివాటిని తీసేస్తూ మెమరీని శుభ్రం చేసినప్పుడు క్లిక్ స్పందన కూడా ఊడ్చుకుపోయింది. బటన్లన్నిటినీ ఫంక్షన్ ముగిసినా నిలిచి ఉండే క్లాస్ స్థాయి జాబితాలో దాచి, ఒక్కోదానికి వేరే ట్యాగ్ (గుర్తింపు పేరు) ఇచ్చాక అన్నీ పలికాయి. బటన్‌ను చేర్చేటప్పుడు ‘టెంపరరీ’ (తాత్కాలికం) అనే ఎంపికకు ‘ట్రూ’ ఇవ్వడం మరవకండి. లేకపోతే పాత బటన్లు మిగిలిపోయి, ఎక్సెల్ తెరిచిన ప్రతిసారీ మరో వరుస పేరుకుంటుంది.

ఎక్సెల్ పైభాగాన బటన్లతో కనిపించే పట్టీ, అంటే రిబ్బన్ సంగతి వేరు. 2007 వెర్షన్‌తో వచ్చిన ఈ రిబ్బన్ బటన్ల అమరికను వివరిస్తూ మనం రాసిన ఎక్స్‌ఎంఎల్‌ను ఆరంభంలో ఒక్కసారే చదువుతుంది. అందులో ‘డైనమిక్‌మెనూ’ పెడితే, లోపల ఏముండాలో ‘గెట్‌కంటెంట్’ ద్వారా మన కోడ్‌నే అడుగుతుంది. జాబితా మారినప్పుడు ‘ఇన్‌వ్యాలిడేట్‌కంట్రోల్’ను పిలిస్తే మళ్లీ అడుగుతుంది. ఎంత చక్కని ఏర్పాటు!

ఈ ఉదయం ఒక కొత్త శాఖ చేరింది. మెనూ తెరవగానే దాని పేరు కనిపించింది. పక్కనే నిలబడి చూస్తున్న లెక్కల విభాగం అక్క, “వచ్చిందండీ!” అని చప్పట్లు కొట్టారు.