చెనక్కాయల సంచి

మా బ్యాచ్ వాళ్ళకు నా పేరు గుర్తులేకపోయినా నా చెనక్కాయల (వేరుశెనగల) సంచి గుర్తుండే ఉంటుంది. చంద్రగిరి అవతల పల్లె నుంచి తొలి బస్సులో తిరుపతికి వచ్చేవాణ్ణి. ఆరింటికల్లా హాకీ గ్రౌండులో ఉండాలి. ఇంట్లో పొయ్యి వెలిగేలోపే బయల్దేరేవాణ్ణి కాబట్టి తిండి ఉండదు. బస్టాండులో ఒక టీ, అంతే.

ఒక రోజు ఆరో రౌండులో కళ్ళు తిరిగి కూలబడ్డాను. మా కోచ్ సారు మొహాన నీళ్ళు చల్లి, "ఏం తిన్నావురా పొద్దున?" అన్నారు.

"టీ తాగినా సార్."

"టీ తిండా?"

రాత్రి ఎనిమిదికి తిన్నది పొద్దున ఆరుకు ఏం మిగులుతుంది? హాకీలో నిటారుగా పరిగెత్తడం కుదరదు. నడుం వంచి, మోకాళ్ళు మడిచి, ఆగి, మళ్ళీ ఉరకాలి. అలాంటి ఆట కండల్లో దాచుకున్న చక్కెరను గబగబా ఖర్చు చేసేస్తుంది. ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అవ్వకు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆ రాత్రి నుంచే గుప్పెడు చెనగ్గింజలు నానబెట్టి, బెల్లంముక్కతో గుడ్డసంచిలో కట్టి ఇచ్చేది. నెల తిరిగేసరికి టీమంతా నా సంచి మీద పడేవాళ్ళు. నాకు మిగిలేది బెల్లమే.

అయినా మాకు బుద్ధి రాలేదు. ఆ ఏడాది జోన్ స్థాయి పోటీల్లో, అదే జోనల్స్‌లో పొద్దున సెమీస్ గెలిచాం, మూడింటికి ఫైనల్. గెలిచిన సంబరంలో ఒంటిగంటన్నరకు హోటల్లో పూరీలు, ఆపైన మటన్ బిరియాని లాగించాం. సెకండాఫ్‌లో నాకు పిక్కలు పట్టేశాయి. మా రైట్ ఇన్ (కుడివైపు ఆడే ఫార్వర్డ్) గోల్‌పోస్టు వెనక్కి పరిగెత్తి కక్కుకున్నాడు. మూడు గోల్స్ తేడాతో ఓడాం.

సారు తిట్టలేదు, టైం టేబుల్ పెట్టారు. అసలు భోజనం మ్యాచ్‌కు మూడు గంటల ముందే, అన్నం, పప్పు, నూనె తక్కువ. గంట ముందు ఒక అరటిపండు. హాఫ్ టైంలో ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళు. ఆట అయిన గంటలోపు అన్నం, గుడ్డు. రాగిసంగటి మాత్రం మ్యాచ్ రోజు వద్దనేవారు, అది నిదానంగా అరుగుతుంది. రాత్రికి ఊరిబిండి పచ్చడితో ఎంతైనా తినమనేవారు. ఎదిగే ఎముకలకు అంతకంటే ఏం కావాలి? వంద గ్రాముల రాగిపిండిలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. 2023లో ప్రభుత్వ బడుల్లో రాగిజావ మొదలుపెట్టినప్పుడు నాకు సారే గుర్తొచ్చారు.

ఇప్పుడు మా పాప గోల్‌కీపర్. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి ఇండియా గోల్‌కీపర్ అయిన ఎతిమరపు రజని అంటే దానికి పిచ్చి. గోల్‌కీపర్ నిలబడే ఉంటుంది కదా అనుకుంటారు. తిరుపతి ఎండలో ఆ ప్యాడ్లు, హెల్మెట్ వేసుకుని చూడండి, చెమట బూట్లోకి కారుతుంది. అందుకే దాని బాటిల్లో ఉప్పేసిన మజ్జిగే పోస్తాను. మొన్న డాక్టర్ దానికి రక్తం తక్కువన్నారు. తీరా చూస్తే అన్నం తినగానే టీ తాగే అలవాటు. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదట టీ. టీతో నా పాత లెక్క ఇంకా తేలలేదన్నమాట!

గ్రౌండులో తోటి పిల్లల తల్లులు, "ఏ ప్రొటీన్ డబ్బా కొనాలన్నా?" అని అడుగుతుంటారు. గట్టిగా ప్రాక్టీస్ చేసే యాభై కిలోల పిల్లకు రోజుకు 60, 70 గ్రాముల ప్రొటీన్ చాలు. ఒక గుడ్డులో ఆరు, గుప్పెడు చెనక్కాయల్లో ఏడు. రెండు పూటలా పప్పు, పెరుగు, పాలు, సాయంత్రం అలసంద గుగ్గిళ్ళు కలిపితే ఇంట్లోనే దాదాపు లెక్క సరిపోతుంది. డబ్బా డబ్బులతో మంచి బూట్లు కొనమంటాను. కొందరు నన్ను పిసినారి అనుకుంటారు, అనుకోనీ.

ఇంతా చెప్పి, ఫైనల్ తర్వాతి ఏడాది సంగతి దాచకూడదు. అన్నీ సారు చెప్పినట్టే తిని జోనల్స్‌కు వెళ్ళాం. సెమీస్‌లోనే 2-1తో ఓడిపోయాం. ఎవరికీ పిక్కలు పట్టలేదు, ఎవరూ కక్కలేదు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ మాకంటే బాగా ఆడాడు, అంతే.