బియ్యంలో ఒకటి, ఫారంలో ఒకటి

మా అమ్మాయి పేరు హర్షిత. మన తిరుపతిలో ఏ స్కూల్లో పిలిచినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు, అంత మామూలు పేరు. డల్లాస్ ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడే వచ్చింది చిక్కంతా. మనవాళ్లు రాసినట్టు రాస్తే పేరు మధ్యలో ఎస్, హెచ్, ఐ, టి వరుసగా నిలబడతాయి. మన కంటికి ఆనవు గానీ అక్కడ రెండో క్లాసు పిల్లాడికి ముందు కనబడేది ఆ బూతే. అందుకని ఐ తీసేసి రెండు ఈలు పెట్టాం. ముందున్న ‘హార్ష్’, అంటే కఠినం, దానికి మందు దొరకలేదు, వదిలేశాం.

నాకింత టెన్షన్ ఎందుకంటే దెబ్బ తిన్నవాణ్ణి. నా పాత పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఒకటే పేరు, మన చిత్తూరు వైపు ఇంటి పేరు ముందు ఒక ఇంగ్లీషక్షరంగా ఉంటే చాలు కదా. అట్లాంటప్పుడు అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునీ ఇంటి పేరు చేసేసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని కొడతారు, ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’ అని. కొన్నేళ్లు నాకు ఉత్తరాలు ‘డియర్ ఎఫ్ఎన్‌యూ’ అనే వచ్చాయి. నా పేరేమో ఇప్పుడు మా అమ్మాయికి ఇంటి పేరు.

చివర్లో టి తర్వాత హెచ్ మాత్రం మా నాన్న పట్టు. ఒట్టి టి పెడితే ‘హర్షిట’ అయిపోతుందంటాడు. నిజమే, మన వైపు కవిత, లత, పద్మావతి, ఎవరికైనా ‘త’ అంటే టిహెచ్చే, ఉత్తరాది వాళ్లయితే ఒట్టి టితో కానిచ్చేస్తారు. ఊరి పేరు చూడండి, స్టేషన్ బోర్డు మీద హెచ్ లేదు, బయటికొస్తే అంగళ్ల బోర్డుల మీద చాలా చోట్ల ఉంటుంది. అక్కడి టీచరేమో ఆ హెచ్ చూసి థిక్, థిన్ అన్నట్టు ‘హర్షీథా’ అంటుంది.

ఆరో నెలలో ఇక్కడికి తీసుకొచ్చి అన్నప్రాసనతో పాటే పేరు కూడా పెట్టాం. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో నేనే రాశాను, షకి గుడి ఇచ్చి, మూడక్షరాలు. ఫారంలో పది. పక్కనే జనన పత్రం చూసి మా అమ్మ, “ఏమిరా, న్యూమరాలజీ ఆయన ఎవరన్నా చెప్పినాడా?” అంది. ఎక్కువ అక్షరం కనబడితే ఇక్కడ అందరి అనుమానమూ అదే. అసలు కారణం అమ్మకు ఎట్లా చెప్పేది? అవునన్నాను. ఎంత తీసుకున్నాడని అడిగింది.

ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. ఫోన్‌లో ఇంగ్లీషక్షరాలు కొడితే తెలుగు వచ్చేదాంట్లో తన పేరు కొట్టుకుంది. రెండు ఈలున్నాయి కాబట్టి ‘హర్షీత’ వచ్చింది. తాతకు పంపిస్తే ఆయన వెంటనే ఫోన్ చేశాడు, దీర్ఘం తప్పమ్మా అని. ఆ రాత్రి నేను కూర్చొని, పెద్దదైంది కదా, కావాలంటే స్పెల్లింగ్ మార్పిద్దామా అన్నాను, ఆ నాలుగక్షరాల సంగతి కూడా చెప్పాను. నవ్వీ నవ్వీ, “అది తెలుసు నాన్నా, మా క్లాసులో వేరే హర్షిత ఉంది కదా, తననెవరూ ఏమీ అనరు” అంది. పన్నెండేళ్లు మోసిన భయం అట్లా పోయింది. మార్చడానికి మాత్రం ఒప్పుకోలేదు.

పోయిన ఎండాకాలం మా అమ్మ దానికి స్టీలు గ్లాసు కొనిచ్చింది. పాత్రల అంగడాయన మిషను చేతిలో పట్టుకొని “పేరు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?” అన్నాడు. తెలుగులోనే అంది అమ్మ. ఆయన ష మీద గుడి పెట్టబోతుంటే ఇది ముందుకు వంగి, “గుడి కాదు అంకుల్, దీర్ఘం” అంది. జుయ్యిమని చెక్కేశాడు. అమ్మ నా వైపు చూసింది, నేను చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.