కుక్క అడుగు, చిరుత కబురు

సంక్రాంతికి ముందు ఆదివారం గుంటూరు నుంచి బెజవాడ బయల్దేరడమంటే కొట్లాటకు పోయినట్టే. చీకటితోనే బస్టాండుకి వెళ్ళినా సీటు దొరకలేదు. మంగళగిరి దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. వారధి మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే కింద కృష్ణ ఉందో లేదో తెలియలేదు. బెజవాడలో దిగి ఇబ్రహీంపట్నం సిటీ బస్సు పట్టుకుని, దుర్గ గుడి ఫ్లైఓవరూ భవానీపురం గొల్లపూడీ దాటి, రింగు సెంటర్లో కాలు పెట్టేసరికి తూర్పు ఎరుపెక్కుతోంది. అక్కణ్ణుంచి మూలపాడు ఎంత దూరమని! ఆటో అతను రెండొందలన్నాడు.

"అడవిలోకి కదండీ, వచ్చేటప్పుడు బేరం దొరకదు" అన్నాడు.

హైదరాబాదు హైవే పక్కన, నిమిషానికో లారీ పోయే చోట, అడవి రేటట! నూట యాభైకి తెగ్గొట్టాను. ఇంకా బేరమాడేవాణ్ణే గానీ పొద్దు ఆగదు. నేల మీద జంతువుల అడుగులు చూడాలంటే ఎండ ఏటవాలుగా ఉండగానే చూడాలి. అప్పుడే చిన్న గుంటకు కూడా ఒక పక్క నీడ పడుతుంది. పది దాటి సూర్యుడు నడినెత్తికి వస్తుంటే అదే నేల చాప పరిచినట్టు చదునుగా కనిపిస్తుంది. సూర్యుడు మనకు ఎదురుగా ఉండాలి, అడుగు మనకీ సూర్యుడికీ మధ్యన ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వచ్చిన పని ఇది. బెజవాడలో ఉండే మా స్నేహితుడు వాళ్ళ అపార్ట్‌మెంటు పిల్లల్ని పోగేసి, "అడవిలో జంతువుల జాడ ఎలా పట్టాలో చూపించరా" అని పిలిచాడు. పిల్లలు పదిమంది దాకా. వాళ్ళ వెనక నలుగురైదుగురు పెద్దవాళ్ళు. పిల్లలు నన్ను మాస్టారంటారు గానీ నేను బడిలో చెప్పేవాణ్ణి కాను. సెలవు రోజుల్లో ఇలా తిరిగే పిచ్చి ఉందంతే. రిజర్వు అడవి కాబట్టి ముందే అనుమతి తీసుకున్నాం. తోడుగా ఒక వాచర్ బాబాయ్‌ని పంపారు. సన్నటి మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో కర్ర.

మూలపాడు అంటే బెజవాడ వాళ్ళకు సీతాకోకచిలుకల పార్కు, క్రికెట్ గ్రౌండు. ఆ వెనక కొండపల్లి కొండల దాకా అడవి ఉందనే ధ్యాస తక్కువ మందికి ఉంటుంది. కొండపల్లి బొమ్మ మాత్రం ప్రతి ఇంట్లో షోకేసులో ఉంటుంది. ఆ బొమ్మ చెక్కే తెల్లపొణికి చెట్టు ఎలా ఉంటుందని అడిగితే పెద్దవాళ్ళు కూడా మొహాలు చూసుకున్నారు. బాబాయ్ చేత్తో ఒక చెట్టు చూపించి, "ఇది కాదు, ఇలాంటిదే. అది ఇప్పుడు తగ్గిపోయిందండీ" అని ముందుకు నడిచాడు. వెనక్కి తిరిగితే చెట్ల మీదుగా థర్మల్ స్టేషన్ గొట్టాలు, వాటి పొగ. ముందుకు చూస్తే చండ్ర, రేగు, తునికి, బలుసు. ఇలాంటి చోట జంతువులు ఏముంటాయని ఒక తల్లి అడిగింది. జంతువులకు మన గొట్టాలతో పని లేదమ్మా, నీళ్ళుంటే చాలు అన్నాను.

"పులి కనిపిస్తుందా అంకుల్?" మొదటి ప్రశ్న ఎక్కడికెళ్ళినా ఇదే. పులి కావాలంటే నాగార్జునసాగర్-శ్రీశైలం వైపు పోవాలి. దాన్ని 1983లో పులుల అభయారణ్యం చేశారు, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. అక్కడ కూడా పులి కనపడాలని పోయినవాళ్ళకు దాని అడుగు కనపడితే అదృష్టమే. ఆ అడుగు చూసి పులి ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పేవాళ్ళు చెంచులు. అటవీ శాఖ వాళ్ళనే కాపలా పనిలో పెట్టుకుంది.

నేను పిల్లల్ని ముందు నడవనివ్వను, కూర్చోబెడతాను. మూరెడు దారాన్ని ముడేసి నేల మీద గుండ్రంగా పరిచి, పది నిమిషాలు ఆ గుండ్రం లోపలే చూడమంటాను. రెండు నిమిషాలకే "ఏమీ లేదు మాస్టారూ" అని ఫిర్యాదులు మొదలవుతాయి. చూడమని వదిలేస్తాను. అయిదో నిమిషానికి ఒకమ్మాయి గుండ్రని ఎండు పెంటికలు నాలుగు చూపించింది. మేకవి కావు, ఇంకా గుండ్రంగా ఉన్నాయి. విరిపితే లోపలంతా గడ్డి పీచు. కుందేలు. పక్కవాడి గుండ్రంలో మూడు వేళ్ళ పెద్ద అడుగు, నెమలిది. ఆ అడుగు మీదుగా సన్నని చుక్కల గీత. పురుగు నడిచిన దారి. నెమలి పోయాక పురుగు పోయింది, అంటే ఆ అడుగు ఇప్పటిది కాదు. ఈ ముక్క చెప్పగానే అందరి తలలూ నేలకు దిగాయి. ఇక ఏమీ లేదన్నవాడు లేడు.

దారి పొడుగునా రేగుపళ్ళు రాలి ఉన్నాయి. ఒక రాయి మీద నక్క పెంట, దాన్నిండా రేగు గింజలు. పిల్లలు ముక్కు మూసుకుంటూనే పుల్లతో కెలికారు. భోగిపళ్ళు పోయించుకోవడానికి రెండు రోజుల్లో ఇళ్ళల్లో తయారవుతున్న వాళ్ళకి, నక్క అప్పటికే పండగ చేసేసుకుందని తెలిస్తే భలే నవ్వొచ్చింది. పచ్చిక మీద మంచు తెల్లగా ఉన్నచోట ఒక సన్నటి ముదురాకుపచ్చ గీత అటు పొదలోకి పోయింది. ఏదో తెల్లవారాక అటు వెళ్ళి మంచు దులిపింది. ఏమిటో తెలియలేదు, వదిలేశాం.

అసలు కథ కుంట దగ్గర జరిగింది.

వానాకాలపు నీరు ఇంకిపోయి, అంచున మెత్తటి ఒండ్రు. ఇలాంటి చోటే అన్నీ రాసి ఉంటాయి. దుప్పి గిట్టలు మొనదేలి రెండు చీలికలుగా. పక్కనే అడవి పందివి, వెనక చిన్న గిట్టలు కూడా రెండు పక్కలా దిగబడి. ఉడుము అడుగుల మధ్య తోక ఈడ్చిన వంకర గీత. నేను పందికీ దుప్పికీ తేడా చెబుతుండగా అటు చివర నుంచి కేక.

"చిరుత! అందరూ ఇటు రండి! చిరుత!"

తెల్ల బూట్లు వేసుకొచ్చిన ఒక నాన్నగారు. మేం అటు పోయేలోపే ఫోటో తీశారు. అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టేశారు కూడా. అడుగు నిజంగానే పెద్దది, నా అరచేతిలో సగానికి పైగా ఉంది. పెద్ద ఊరకుక్క అడుగూ చిరుత అడుగూ కొలతలో దగ్గరగానే ఉంటాయి. కొలత మీద పంతం పడితే లాభం లేదు. ఆయన మాత్రం పంతం మీదే ఉన్నారు.

"గోళ్ళు కనిపించట్లేదు చూడండి. పిల్లి జాతి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. నేను టీవీలో చూశాను."

అన్నమాట తప్పు కాదు. కానీ గట్టి నేల మీద కుక్క గోరు కూడా దిగదు, జారే బురదలో చిరుత గోరు దిగినా దిగొచ్చు. గోరు ఒక్కటి చూసి తీర్పు చెప్పకూడదు. పిల్లల్ని చుట్టూ మోకాళ్ళ మీద కూర్చోమన్నాను, ఆయన్ని కూడా. బూట్లకు బురదవుతుందని ఆయన నిలబడే ఉన్నారు.

ముందు అరికాలి దిమ్మ. పిల్లి జాతికి అది పెద్దది, వెనక అంచు మూడు మెలికలుగా ఉంటుంది. కుక్కకు చిన్నది, దాదాపు మూడు మూలలు. ఇక్కడున్నది చిన్నది. తరవాత వేళ్ళు. చిరుత వేళ్ళు నీటిబొట్టులా ఉండి, ఒక వేలు మిగతావాటి కన్నా కాస్త ముందుకు ఉంటుంది, అందుకే ఎడమ కాలో కుడి కాలో చెప్పొచ్చు. కుక్కకు నడిమి వేళ్ళు రెండూ పక్కపక్కనే సమానంగా ఉంటాయి. అడుగు మధ్యలో పుల్లతో ఇంటూ గుర్తు గీస్తే వేళ్ళకూ దిమ్మకూ తగలకుండా గీత వెళ్ళిపోతుంది. ఒక పిల్లవాడు గీశాడు. వెళ్ళిపోయింది.

"అయినా చిరుత పిల్లయి ఉండొచ్చు కదండీ" అన్నారు నాన్నగారు.

అప్పటిదాకా కుంటకు అవతల నిలబడి ఉన్న బాబాయ్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. అడుగు వైపు కూడా చూడలేదు. నాలుగు బారలు వెనక్కి నడిచి, "ఇక్కడ చూడండి మాస్టారూ" అన్నాడు.

అక్కడ మేకల గిట్టలు, పదులకొద్దీ. వాటి మీద ఒక హవాయి చెప్పు ముద్ర, మడమ పక్కన అరిగిపోయినది. మేక గిట్టను చెప్పు తొక్కింది. అదే చెప్పు ముద్ర అంచు మీద మన పెద్ద అడుగు పడింది, చెప్పు గళ్ళను నొక్కేసి. మేకలు ముందు పోయాయి, వాటి వెనక మనిషి, ఆ మనిషి వెనక ఇది. పైగా ఒక చోట కుదురుగా లేదు. మనిషి కుడివైపు కొంతదూరం, ఎడమకు పోయి ఏదో వాసన చూసి, మళ్ళీ వెనకే. చిరుత అయితే ఇలా తచ్చాడదు, ముందు కాలు వేసిన చోటే వెనక కాలు వేస్తూ తన దారిన తాను పోతుంది.

"నిన్న సాయంత్రం మావాడు మేకలు తోలుకొచ్చాడు. వాడి కుక్క పెద్దదేనండీ" అన్నాడు బాబాయ్, ఇంకేమీ లేనట్టు.

నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. పల్నాటి పల్లెలో ఎద్దు కట్టు తెంచుకుపోతే నేల మీద గిట్ట చూసి, "ఇది మనది కాదు, మన ఎద్దు కుడి వెనక కాలు ఈడుస్తుంది" అని ఇంకో దారి పట్టేవాడు. నాకు తెలిసినదంతా తరవాత చదివింది, ఆయనకు చదువే లేదు. నన్ను భుజాన ఎక్కించుకునే ఆ వెతుకులాట చేసేవాడు కాబట్టి నేల కన్నా ఆయన తలపాగానే నేను ఎక్కువ చూశాను.

ఒక పెద్ద పిల్ల అడిగింది, అడుగు చూసి ఇది ఫలానా చిరుతేనని చెప్పొచ్చా అని. మంచి ప్రశ్న. మన దేశంలో పులుల లెక్క చాలా ఏళ్ళు అలాగే నడిచింది. 1966లో ఒడిశాలో మొదలైన పద్ధతి అది. అడుగు మీద గాజు పలక పెట్టి అంచు గీసుకుని, ఒక్కో గీతకూ ఒక్కో పులి అని లెక్క కట్టేవాళ్ళు. నేల తడిబట్టి, నడక బట్టి ఒకే కాలు రకరకాలుగా పడుతుంది కదా! రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అడవిలో పులులే లేవని 2005 నాటికి బయటపడ్డాక ఆ లెక్కల మీద నమ్మకం పోయింది. 2006 లెక్కింపు నుంచి కెమెరాలు పెట్టి చారల్ని బట్టి పోలుస్తున్నారు. అడుగు ఏ జంతువో చెబుతుంది, ఎప్పుడు ఎటు పోయిందో చెబుతుంది. పేరు మాత్రం చెప్పదు.

కుక్కదైతే ఏం, అచ్చు తీద్దామన్నారు పిల్లలు. నీళ్ళ సీసా కోసి పట్టీ చేసి అడుగు చుట్టూ నాటాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పెరుగంత చిక్కగా కలిపి పోశాం. గట్టిపడేటప్పుడు అది వెచ్చబడుతుంది. ఒక్కొక్కరూ వచ్చి వేలు పెట్టి చూసి "అమ్మో, జ్వరమొచ్చింది" అన్నారు. అరగంటకు పెకలించి తీస్తే నాలుగు వేళ్ళూ దిమ్మా చక్కగా వచ్చాయి. అప్పుడు కనిపించింది, రెండు వేళ్ళ చివర సన్నటి గోళ్ళ మొనలు! కంటికి ఆననివి అచ్చులో దొరికాయి. నాన్నగారికి చూపించబోతే ఆయన ఫోనులో ఉన్నారు. దారిలో దొరికిన ఏదుపంది ముల్లు ఒకటి పిల్లలు అడిగితే బాబాయ్ ఒప్పుకోలేదు. అడవిలోది అడవిలోనే ఉండాలని పొదలో పెట్టించాడు.

మధ్యాహ్నం పక్కనే ఉన్న స్నేహితుడి మామిడి తోటలో. నిప్పు పాఠం అక్కడే పెట్టాను, రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. విల్లు తాడుకు పుల్ల చుట్టి చెక్క మీద తిప్పీ తిప్పీ పొగ తెప్పించారు, మంట రాలేదు. చివరికి అగ్గిపెట్టె తీస్తే నన్ను ద్రోహిలా చూశారు. మంట కన్నా కుంట నీళ్ళు బాగా పనిచేశాయి. గుంటూరు మూలికల కొట్టులో కొన్న చిల్లగింజల్ని కుండ లోపలి గోడకు గరగరా రుద్ది, కుంట నీళ్ళు పోసి ఉంచాం. మోదుగాకు విస్తళ్ళు కుట్టి పులిహోర తినేలోపు మట్టంతా అడుగుకు దిగి పైన నీళ్ళు తేటబడ్డాయి. తాగబోయిన ఒకడి చెయ్యి పట్టుకున్నాను. తేటబడితే మట్టి పోయినట్టే గానీ క్రిములు పోయినట్టు కాదు. పొయ్యి మీద మరగబెట్టాకే ఇచ్చాం. "మినరల్ వాటర్ కన్నా బాగుంది" అన్నాడు వాడు. పొగ వాసన తప్ప నాకేమీ తెలియలేదు.

సాయంత్రం రింగు సెంటర్లో బస్సు కోసం ఆగి టీ తాగుతుంటే, కొట్టతను నా బురద ప్యాంటు చూసి అడిగాడు.

"మూలపాడు నుంచేనా? జాగ్రత్తండీ, అటు చిరుత తిరుగుతోంది." ఫోను ఇటు తిప్పాడు. అదే కుంట, అదే అడుగు, పక్కన ఒక తెల్ల బూటు కొస. "గ్రామస్తులు అప్రమత్తం" అని ఎర్రక్షరాలు కూడా ఎవరో చేర్చారు.

"ఇది కుక్కదండీ. మేమే అచ్చు తీశాం" అన్నాను.

ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశాడు.

"కుక్కదైతే ఫోటో ఎందుకు తీస్తారండీ ఎవరైనా?"

టీ పదిహేను రూపాయలు. గుంటూరులో పదే.