ఆయనకు పాట, నాకు పరిశోధన: మా శనివారం సినిమాల పద్దు

మా ఆయనకు పాత సినిమాలంటే ప్రాణం. పాట బాగుండాలి, మాట నింపాదిగా నడవాలి, చివరికి మంచివాళ్లకు మంచి జరగాలి. నాకేమో నేర పరిశోధన కావాలి. ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎక్కడ దొరికిపోయారు అన్నది తేలేదాకా నిద్ర పట్టదు. పెళ్లైన కొత్తలో శనివారం రాత్రి టీవీ ముందు కూర్చుంటే చాలాసేపు వెతుకులాటకే సరిపోయేది. ఆఖరికి ఇద్దరికీ అభ్యంతరం లేనిదేదో పెట్టుకునేవాళ్లం. అభ్యంతరం లేకపోవడం వేరు, ఇష్టపడటం వేరు. అలా చూసినవాటిలో ఒక్క సీనూ గుర్తులేదు. అందుకే ఈ వేసవి నుంచి పద్ధతి మార్చి, ఒక పాత డైరీలో రాసుకుంటూ వస్తున్నాం.

వేసవి

ఒక వారం ఆయన ఎంపిక, ఒక వారం నాది. మధ్యేమార్గం సినిమాలు బంద్. ఎంచుకున్నవాళ్లు మొదలుపెట్టే ముందు ఒక్క మాట చెప్పాలి: ఇందులో ఏం గమనించాలో. కథ చెప్పకూడదు, పొగడకూడదు. రెండోవాళ్లు మొదటి అరగంట ఫోన్ ముట్టుకోరు. ఆ తర్వాత నచ్చకపోతే ఆపమనొచ్చు. ఆపమన్నందుకు అలగకూడదు.

ఆయన 'మిస్సమ్మ' పెట్టారు. 1955 నాటిది, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. ఉద్యోగం కోసం పెళ్లికాని ఇద్దరు మొగుడూపెళ్లాలమని చెప్పుకుని బడిలో పంతుళ్లుగా చేరే కథ అని నాకు ముందే తెలుసు. ఎన్నిసార్లు టీవీలో వచ్చినా దాటేసేదాన్ని. "నాగేశ్వరరావు మీద కన్నేసి ఉంచు" అన్నారు. చూస్తే, అందులో ఆయన డిటెక్టివ్! తప్పిపోయిన మహాలక్ష్మి కోసం కూపీ లాగుతూ, పాదం మీది పుట్టుమచ్చ పట్టుకుని తిరుగుతుంటాడు. 'దేవదాసు' వచ్చిన రెండేళ్లకే అంత తేలికపాటి పాత్ర వేశారంటే ముచ్చటేసింది. సావిత్రి కనిపించిన ప్రతిసారీ నేను కాళ్లవైపు చూడటం మొదలుపెట్టాను. ఆ రాత్రి డైరీలో ఆయన పాటల గురించి రాశారు, నేను ఆధారాల వరస రాశాను. రెండూ ఒకే సినిమావి. ఈ పద్ధతి కొనసాగించాలని ఆ పేజీ చూసే అనుకున్నాం.

టీవీ సంగతి ఒకటి. పాత నలుపు-తెలుపు సినిమాలు దాదాపు నలుచదరంగా ఉంటాయి, 4:3 కొలతలో. టీవీ వాటిని తెర నిండా సాగదీస్తే మనుషులు లావైపోతారు, జూమ్ చేస్తే తలలు తెగుతాయి. పిక్చర్ సైజును 4:3కి గానీ ఒరిజినల్‌కి గానీ మార్చండి. పక్కల నల్లటి పట్టీలు ఉండనివ్వండి. 'మిస్సమ్మ'కు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ కట్టిన ఫ్రేము మొత్తం కనబడాలి కదా.

ఇంకొకటి, మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ మధ్యలో తనంతట తాను ఫ్రేములు కల్పించి చేరుస్తుంది, దాంతో మంచి సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. ఎల్‌జీలో దాని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీ అయితే అది పెట్టుకుంటే చాలు.

వానలు మొదలయ్యాక

నా ఎంపిక 'అనుకోకుండా ఒక రోజు', 2005, చంద్రశేఖర్ యేలేటి. ఒక అమ్మాయి జీవితంలోంచి ఒక రోజు మాయమవుతుంది, ఆ రోజు ఏం జరిగిందో ఆమెకే తెలియదు. "తారీఖులు చూస్తూ ఉండండి" అన్నాను.

ఇక్కడే ఇంటర్వెల్ గొప్పదనం తెలిసింది. మన సినిమాలు ఇంటర్వెల్ కోసమే రాసినట్టుంటాయి, సరిగ్గా ముడి బిగిసిన చోట ఆపుతారు. మేమూ అక్కడే ఆపేసి, మిగతాది ఆదివారం టిఫిన్ అయ్యాక చూస్తున్నాం. పాత సినిమాలు మూడు గంటల దాకా ఉంటాయి, రాత్రి పదింటికి మొదలుపెట్టి ఒక్క బిగిన చూడాలంటే ఎవరో ఒకరు అలిసిపోతారు. ఇలా ఆపితే ఇంకో లాభం: ఎవరు చేసి ఉంటారో ఆయన తన అనుమానం డైరీలో రాసి సంతకం పెడతారు. నేరాల కథలంటే చిరాకుపడే మనిషి, ఆదివారం పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చి "ఇంకా మొదలుపెట్టలేదేం?" అన్నారు.

థ్రిల్లర్లతో చిక్కల్లా శబ్దం. గుసగుసలు వినబడవని వాల్యూమ్ పెంచితే, తలుపు చప్పుడుకు పక్కగదిలో అత్తయ్య లేచేవారు. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ వేశాక ఆ బాధ తప్పింది. అది పెద్ద శబ్దాల్ని తగ్గించి, చిన్నవాటిని పైకి తెస్తుంది. మాటలు స్పష్టంగా వినబడే మోడ్ విడిగా ఉంటే అదీ వేయండి. పాటలున్న సినిమాకు మాత్రం రెండూ తీసేయాలి, లేదంటే పాట జీవం లేకుండా వినిపిస్తుంది. ఈ రెండో మాట ఆయనది.

తర్వాత మలయాళం 'దృశ్యం', 2013లో జీతూ జోసెఫ్ తీసినది. సబ్‌టైటిల్స్‌ను పెద్ద సైజులో, పసుపు రంగులో పెట్టుకున్నాం. తెలుపైతే తెల్లచీర మీదా ఆకాశం మీదా కలిసిపోతోంది. మొదటి సగంలో ఆ కుటుంబం తిండీ, పొదుపూ, సినిమా పిచ్చీ చూసి ఆయన మురిసిపోయారు. నేను ఎప్పుడూ ఆ భాగాన్ని ఓర్చుకునేదాన్ని. ఈసారి ఆయన పక్కన కూర్చుని చూస్తే, తర్వాత వచ్చే ఎత్తుగడలన్నిటికీ పునాది అక్కడే పడిందని కనిపించింది.

శ్రావణం

అన్నీ కుదరలేదు. 'శంకరాభరణం' నేను సగంలో ఆపమన్నాను, ఆయన మారుమాట లేకుండా ఆపారు. దయ్యాల సినిమా ఆయన పది నిమిషాలు కూడా భరించలేరని తేలింది, వాటిని జాబితాలోంచి తీసేశాను. అవి నేను మధ్యాహ్నం ఒక్కదాన్నే చూస్తాను. అన్నీ కలిసే చూడాలన్న పట్టు మాకు లేదు.

ఇప్పటిదాకా ఇద్దరం పూర్తి మార్కులు వేసింది 'పుష్పక విమానం' ఒక్కదానికే. సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన మాటల్లేని సినిమా. ఆయనకు కమల్ హాసన్, అమలల మూగ ప్రేమ. నాకేమో ఒక మనిషిని గదిలో బంధించి అతని స్థానంలోకి వెళ్లడం, ఆ తర్వాత మంచుకత్తితో వెంటపడే హంతకుడు. పొడిచాక ఆయుధమే మిగలకూడదన్న ఆ ఆలోచన నన్ను వారమంతా వదల్లేదు. కత్తి కరిగిపోయినప్పుడు ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు, నేను ఊపిరి బిగబట్టాను. సంభాషణలు లేవు కాబట్టి నైట్ మోడ్ గొడవా లేదు, అత్తయ్య కూడా వచ్చి కూర్చుని చివరిదాకా చూశారు.

వచ్చే శనివారం నాది: 'క్షణ క్షణం', 1991. దోపిడీ సొమ్ము, వెంటపడే ముఠా, శ్రీదేవి, వెంకటేశ్. డైరీలో ఆయనకు చెప్పబోయే మాట రాసి పెట్టుకున్నాను: "డబ్బు సంగతి ఎవరికి ఎంత తెలుసో చూస్తూ ఉండండి." పేరు చూడగానే ఆయన కింద తన మాట చేర్చారు: "జామురాతిరి పాట వచ్చినప్పుడు నైట్ మోడ్ తీసెయ్యి."