మంగళవారం, గుంటూరు సంబంధం

పొద్దున టిఫిన్ కూడా అవకముందే మధ్యవర్తి ఫోన్ చేశారు. గుంటూరు సంబంధం వాళ్ళు "రెండు నెలలు ఆగి చెప్తాం" అన్నారట. నాకు ముప్పై దాటాయి, ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ ఇడ్లీ ప్లేటు నా ముందు పెట్టి, లోపలికి వెళ్ళి ప్రార్థనకు మోకరించింది. నేను స్కూలుకు వెళ్ళాను. తొమ్మిదో తరగతికి త్రిభుజాలు, పదో తరగతికి స్లిప్ టెస్ట్. ఊపిరాడనంత పని, అదే మంచిదైంది.

సాయంత్రం మా వీధిలో స్త్రీల ప్రార్థన కూడిక. కబురు నాకంటే ముందే అక్కడికి చేరింది. ఒక ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "దేవుడు ఆలస్యం చేస్తున్నాడంటే నీ కోసం ఇంకా మంచివాణ్ణి దాచాడమ్మా" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఎదురుచూసిన కాలానికి వడ్డీ కట్టి ఇస్తానని దేవుడు ఎక్కడా చెప్పలేదు. నేను ఆయన్ని నమ్ముతున్నాను. ఆ లెక్కను మాత్రం నమ్మను.

ఈ రోజు నేను చదివిన వాక్యం బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండం నుంచి. నిన్ను గొప్ప జనంగా చేస్తానన్న దేవుని వాగ్దానం పట్టుకుని హారాను అనే ఊరు విడిచినప్పుడు అబ్రాహాముకు 75 ఏళ్ళు, భార్య శారాకు కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు 100. ఆ 25 ఏళ్ళను మనం ప్రసంగాల్లో ఒక్క వాక్యంతో దాటేస్తాం. 16వ అధ్యాయం చివర శారా దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టేటప్పటికి అబ్రాహాముకు 86. పేజీ తిప్పకుండానే 17వ అధ్యాయం మొదట్లో 99. మధ్యలో 13 ఏళ్ళ గురించి ఒక్క మాట లేదు. అక్కడే నా మనసు ఆగిపోయింది. ఆ ఏళ్ళలో శారా రోజూ లేచింది, పిండి పిసికింది, హాగరు కొడుకు ఆడుకుంటుంటే చూసింది. ఏ దర్శనమూ రాని మామూలు రోజులు. వాగ్దానం పొందినవాళ్ళు కూడా ఎక్కువ కాలం అలాంటి రోజుల్లోనే బతికారన్న సంగతి నాకు ఆంటీ మాటకంటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఒంగోలులో పుట్టినదాన్ని కాబట్టి అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర కూడా గుర్తొచ్చారు. 1853లో అమెరికాలోని వాళ్ళ సంఘంవాళ్ళు నెల్లూరులో ఆయన నడుపుతున్న తెలుగు మిషన్‌ను మూసేయాలా అని చర్చించుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడి కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. తర్వాత దిగి, నెల్లూరు వెళ్ళి, తమ పని తాము చేసుకున్నారు. వాళ్ళు అడిగిన మిషనరీ, క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే 12 ఏళ్ళకు.

నాకు ఇంకా పెద్దగా అనిపించేది 1876-78 కరువు నాటి సంగతి. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించారు. తిండి కోసం విశ్వాసులయ్యారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య అందరికీ కంఠతా వచ్చు. కానీ అంతకు ముందు, నమ్మి వచ్చి, ఇప్పుడు కాదని విని, పలుగూ పారా పట్టుకుని మళ్ళీ మట్టిలోకి దిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఓపిక ముందు నాకు గౌరవంగా నిలబడాలనిపిస్తుంది.

ఇంటికొచ్చాక నాన్నతో, "గుంటూరు వాళ్ళకు మనమే వద్దని చెప్పేద్దాం నాన్నా" అన్నాను. దేవుని సమయం కోసం ఆగడం వేరు, మనసులో మాట చెప్పనివాళ్ళ కోసం ఆగడం వేరు. నాన్న కాసేపు ఆలోచించి, సరేనని మధ్యవర్తికి మర్యాదగానే చెప్పారు. అమ్మ మాత్రం "టెన్షన్ పడుతున్నావా?" అని అడిగింది. పడుతున్నానమ్మా అన్నాను. ఆమె దగ్గర దాచడం ఎందుకు?

పడుకునే ముందు ప్రార్థనలో మళ్ళీ అదే అడిగాను. నాకు పెళ్ళి కావాలి ప్రభువా, ఒక ఇల్లు కావాలి, పిల్లలు కావాలి అని పేరుపేరునా అడిగాను. ఆయనకు తెలుసు కదా అని ఊరుకోవడం నాకు చేతకాదు. బైబిల్లో పిల్లలు లేని హన్నా కూడా ఊరుకోలేదు, షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ తాగి ఉందనుకునేంతగా పెదవులు కదుపుతూ కొడుకును అడిగింది. రేపు కూడా అడుగుతాను.