న్యూటన్ దొరకని రివ్యూ

నిన్న రెండో రివ్యూ అయిపోయింది. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నా.

ఎంటెక్ ప్రాజెక్టు నాది. ఆన్‌లైన్‌లో ఉన్న ఫిజిక్స్ పాఠాల్లో విద్యార్థికి సరిపడేవాటిని సెమాంటిక్ వెబ్ సర్వీసులతో (అంటే తామిచ్చేదాని అర్థం కంప్యూటర్‌కి తెలిసేలా వివరాలు రాసిపెట్టిన వెబ్ సర్వీసులతో) వెతికి, ఏరి ఇవ్వాలి. ఏ అంశం దేని కిందికొస్తుందో చెప్పే ఆంటాలజీ, ప్రోటేజే అనే సాఫ్ట్‌వేర్‌లో వారంలో అయింది. పాఠాల వివరాలు ఐఈఈఈ లామ్ అనే ప్రామాణిక పద్ధతిలో నింపాను. దాంట్లో తొమ్మిది విభాగాలు, నాకు పనికొచ్చినవి మూడో నాలుగో. వెబ్ సర్వీసు ఏం చేస్తుందో వివరించే ఔల్-ఎస్ మాత్రం గైడ్‌గారి పట్టు. 2004లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి సమర్పించిన పద్ధతి అది. "దాంతో వివరాలు రాసిపెట్టిన పాఠాల సర్వీసు ఒక్కటి చూపించండి సార్" అంటే "నువ్వే రాసుకోమ్మా" అన్నారు. రాసుకున్నాను.

మ్యాచింగ్ కూడా కుదిరింది. న్యూటన్ నియమాలు అడిగితే, అచ్చం అవే ఇచ్చే సర్వీసు 'ఎగ్జాక్ట్', మొత్తం యాంత్రిక శాస్త్రం ఇచ్చేది 'ప్లగ్-ఇన్'. ఆ వరసలో చూపిస్తుంది.

మొదటి రివ్యూలో ఎక్స్‌టర్నల్ సార్ కుర్చీ లాక్కుని నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. తెలుగులో 'న్యూటన్' అని కొట్టారు. ఫలితాలు: 0. మళ్లీ కొట్టారు. 0. "సెమాంటిక్ అంటే అర్థం అంటివి. దీనికి పేరే అర్థం కావట్లేదేమ్మా?" అన్నారు. వెనక బెంచీలో జూనియర్లు కిసుక్కుమన్నారు. మా గైడ్ ఫోన్ చూసుకుంటున్నారు.

రాత్రంతా కూర్చున్నా. ముందు భాషా ట్యాగ్ మీద అనుమానం వచ్చింది. ఈ డేటా రాసుకునే ఆర్డీఎఫ్ పద్ధతిలో తెలుగు ట్యాగ్ ఉన్న మాట, లేని మాట రెండూ ఒకటి కావు. చూస్తే అది సరిగ్గానే ఉంది. తెల్లవారుజామున విసుగొచ్చి ఆ డేటాని ప్రశ్నలడిగే స్పార్కిల్ భాషలో పదం పొడవు అడిగాను. సార్ కొట్టిన న్యూటన్‌కి 7 (గుణింతం, పొల్లు కూడా విడివిడిగా లెక్కే). నా డేటాలో న్యూటన్‌కి 8! చివరి పొల్లు వెనక జీరో విడ్త్ నాన్ జాయినర్ నక్కి ఉంది. తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనపడని క్యారెక్టర్ అది. శీర్షికలన్నీ వెబ్ పేజీల నుంచి ఎత్తిపెట్టాను కదా, వాటితోపాటే వచ్చింది. అన్నాళ్లూ నేను టెస్ట్ చేసింది కూడా నా ఎక్సెల్‌లోంచి కాపీ కొట్టే. ఇంకెందుకు దొరుకుతుంది తప్పు!

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు పోల్చేటప్పుడు మాత్రమే దాన్ని తీసేయండి. డేటాలోంచే పీకేశారో, 'సాఫ్ట్‌వేర్'లో 'వ' వత్తయి కిందికి దిగిపోతుంది. నేను చదివిన పేపర్లలో ఒక్కదాంట్లోనూ ఈ ముక్క లేదు. పట్టుకుంది నేనే, చెప్పుకుంటే తప్పేంటి?

నిన్న మళ్లీ న్యూటన్ కొట్టించాను. ఈసారి వాళ్ల ఫోన్ నుంచే. 11 పాఠాలొచ్చాయి, ఎగ్జాక్ట్‌వి పైన. ఆ ఎక్స్‌టర్నల్ సార్ మాత్రం రాలేదు. గైడ్‌గారు తలూపి, "బాగుందమ్మా, ఔల్-ఎస్ చాప్టర్ ఇంకో పది పేజీలు పెంచు" అన్నారు.