మియాటాలో బిగ్ సర్ దాకా

ఎన్నాళ్లనుంచో అనుకుంటున్న కాలిఫోర్నియా హైవే 1 డ్రైవ్ మొత్తానికి అయింది! మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు, టాప్ తీసేసి, పక్కన తమ్ముడు. మాంటరే నుంచి దక్షిణానికి, బిగ్ సర్ అనే కొండల తీరం మీదుగా వెళ్లాం. ఇక్కడ కుడివైపు నడపాలి కాబట్టి అలా వెళ్తేనే సముద్రం మన పక్కన ఉంటుంది.

స్పోర్ట్స్ కారంటే స్పీడే అనుకుంటారు చాలామంది. బిగ్ సర్ మలుపుల్లో ఎక్కువగా సెకండ్, థర్డ్ గేర్లే. ముందే బ్రేక్ వేసి, గేరు తగ్గించి, మలుపు సగం దాటాక మెల్లగా యాక్సిలరేటర్ తొక్కుతుంటే వెనక చక్రాలు తోయడం నడుముకి తెలుస్తుంది. రెడ్‌వుడ్ చెట్ల కిందికి రాగానే చల్లగా తడి మట్టి వాసన, బయటపడితే ఉప్పు గాలి. అద్దాలు బిగించుకున్న కారులో ఇదంతా దొరకదు.

బిక్స్‌బీ వంతెన దగ్గర చాలాసేపు ఆగాం. 1932 నాటిది, ఎత్తు 260 అడుగుల పైనే. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా రోడ్డు పూర్తయింది మాత్రం 1937లో. శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలు కూడా ఈ పనిలో చెమటోడ్చారు. ఆ కొండ అంచులు చూస్తూ వాళ్లని తలుచుకుంటే గుండె బరువెక్కింది.

పియెద్రాస్ బ్లాంకాస్ ఒడ్డున ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువుల్ని చూసి తమ్ముడు "ఇంకాసేపు ఉందాం అన్నా" అంటూనే ఉన్నాడు.

వెళ్లేవాళ్లకి ఒక మాట. కొండచరియలు పడి ఈ దారి తరచూ మూతపడుతుంది, కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రవాణా శాఖ) సైటు చూసి బయల్దేరండి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వెనక కార్లు చేరితే టర్నవుట్‌లోకి (రోడ్డు పక్కన ఆగే ఖాళీ చోటు) తీసి దారివ్వండి.